కళల పేరు చెప్పి కార్లకు దారిచ్చారు: ప్రిన్స్‌టన్ డింకీ అసలు సంగతి

అమెరికాలో ప్రిన్స్‌టన్ ఊరి రైలు స్టేషన్‌ని జరిపింది కార్ల కోసం. కళల కోసం అన్నారు, విద్యార్థుల కోసం అన్నారు, ఊరికి అందం అన్నారు. అవన్నీ పైపూత. కార్ల కోసం జరిపారు. ఈ ముక్క ఇవాళ నా నోట ఎన్నిసార్లు వస్తుందో నాకే తెలీదు. విసుగొస్తే స్పీడు పెంచుకుని వినండి, కానీ పూర్తిగా వినండి.

నమస్తే అందరికీ. పోయిన వీడియోలో ఆ ఊరి బుల్లి రైలు డింకీ ఊసు అలా ఎత్తానో లేదో, కింద కామెంట్లలో మొదలుపెట్టారు. "అన్నా, స్టేషన్‌ని 140 మీటర్లు జరిపితే కొంపలు మునిగాయా?" అని ఒకరు. "రెండు నిమిషాల నడకకి పదేళ్ల ఏడుపా?" అని ఇంకొకరు. ఒక పెద్దాయనైతే "బాబూ, నువ్వు వాకింగ్ చెయ్యవా?" అని అడిగారు. చేస్తానండీ. పొద్దున్నే చేస్తాను, బూట్లేసుకుని చేస్తాను. జనవరిలో, ఎదురుగాలిలో, రెండు సూట్‌కేసులు లాక్కుంటూ, వెనకాల మోకాళ్ల నొప్పులున్న అమ్మని పెట్టుకుని మాత్రం వాకింగ్ చెయ్యను. అది వాకింగ్ కాదు, శిక్ష.

గొడవ మీకు తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి ప్రిన్స్‌టన్ ఊళ్లోకి ఒక బుల్లి రైలు. అదే డింకీ. 2.7 మైళ్లు, నాలుగున్నర కిలోమీటర్లు కూడా నిండదు. కోటు విప్పి కూర్చునేలోపు దిగాలి, ఐదు నిమిషాల ప్రయాణం. అమెరికాలో రోజూ టైమ్ ప్రకారం నడిచే లోకల్ రైలు లైన్లలో ఇంతకంటే పొట్టిది లేదంటారు. 2013 ఆగస్టులో పాత స్టేషన్ మూసేశారు. కొన్నాళ్లు తాత్కాలిక ప్లాట్‌ఫాం మీద నడిపారు. 2014 నవంబరులో 460 అడుగులు, అంటే 140 మీటర్లు, దక్షిణంగా కొత్త స్టేషన్ తెరిచారు. ఆ చుట్టుపక్కలంతా ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవారి ఆర్ట్స్ కాంప్లెక్స్. ఊళ్లో కొందరు 'సేవ్ ద డింకీ' అని సంఘం కట్టి, న్యూజెర్సీ రైలు ప్రయాణికుల సంఘంతో కలిసి కోర్టులకెక్కారు. ఓడిపోయారు. అందరూ చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది.

ఇప్పుడు నా కథ.

ఒక చిన్న ప్రశ్న. ఆర్ట్స్ కాంప్లెక్స్ కట్టడానికి పట్టాలెందుకు అడ్డమొచ్చాయి? థియేటరూ, డాన్స్ హాలూ, సంగీతం రూములూ. ఇవి రైలు స్టేషన్ పక్కన ఉంటే తప్పేంటి? న్యూయార్క్ నుంచి జనం నాటకం చూడ్డానికి రైల్లో వచ్చి నేరుగా గుమ్మంలో దిగితే అంతకంటే కావాల్సిందేముంది? మన హైదరాబాద్‌లో ఉస్మానియాకి ఏకంగా ఆర్ట్స్ కాలేజీ అనే పేరుతోనే ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. కళలున్నచోట రైలు ఆగితే కళలేమీ మైలపడలేదే!

అడ్డమొచ్చింది రోడ్డు. వినండి జాగ్రత్తగా. పట్టాలకి ఆవల పక్కన యూనివర్సిటీకి ఒక పెద్ద పార్కింగ్ గ్యారేజీ ఉంది, లాట్ 7 అంటారు. అలెగ్జాండర్ స్ట్రీట్ మీంచి వచ్చే కార్లు ఆ గ్యారేజీలోకి పోవాలంటే మధ్యలో రైలు పట్టాలు. పట్టాల మీదుగా రోడ్డేస్తే గేటు పెట్టాలి, రైలొచ్చినప్పుడల్లా కార్లు ఆగాలి. మరి ఏం చేద్దాం? పట్టాల్నే కోసేద్దాం! రైలు చివర కాస్త తగ్గిస్తే, ఆ ఖాళీలోంచి కార్లు హాయిగా పోతాయి. అలెగ్జాండర్ స్ట్రీట్, యూనివర్సిటీ ప్లేస్ కలిసే చోట రౌండెబౌట్ కూడా కట్టారు. కారువాడికి బ్రేకు మీద కాలు పెట్టే పని కూడా లేకుండా.

ఇది నేను రాత్రి నిద్రపట్టక అల్లిన కథ కాదు. గ్యారేజీకి దారి కావాలన్నది యూనివర్సిటీవారి వాదనలోనే ఉంది. వాళ్లు దాచలేదు. మనమే ఆర్ట్స్ బొమ్మలు చూస్తూ ఆ లైను చదవలేదు. పత్రికల హెడ్డింగుల్లో "ఆర్ట్స్", టీవీల్లో "ఆర్ట్స్", ప్రాజెక్టు పేరే "ఆర్ట్స్ అండ్ ట్రాన్సిట్". ట్రాన్సిట్ అని పేరు పెట్టి ట్రాన్సిట్‌ని 460 అడుగులు వెనక్కి తోశారు చూడండి, ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

నన్ను యూనివర్సిటీ ద్వేషి అనుకోకండి. ఆర్కిటెక్ట్ స్టీవెన్ హాల్ గీసిన ఆ ఆర్ట్స్ బిల్డింగులు చూశాను, బావున్నాయి. నిజంగా బావున్నాయి. అక్కడే చదువుకున్న పీటర్ లూయిస్ గారు 2006లో 10.1 కోట్ల డాలర్లు ఇచ్చారు, 2017లో తెరిచారు. మధ్యలో నీళ్ల కొలను, దాని అడుగున అద్దాల్లోంచి కింద హాల్లోకి వెలుతురు పడుతుంది. పిల్లలు అక్కడ వయొలిన్ వాయిస్తుంటే పక్కనే నుంచుని విన్నాను కూడా. కొత్త స్టేషన్ కూడా రిక్ జాయ్ అనే అరిజోనా ఆర్కిటెక్ట్ గీసింది, పాతదానికంటే శుభ్రంగా ఉంది. ఇంత అందంగా కట్టగలిగిన బుర్రలు, చేతినిండా డబ్బు. పట్టాలు ఉన్నచోటే ఉంచి చుట్టూ డిజైన్ చెయ్యడం రాలేదంటే నమ్మమంటారా? 30 కోట్ల డాలర్ల పైమాట ప్రాజెక్టండీ ఇది! రాలేదు కాదు, అక్కర్లేదు అనుకున్నారు. గ్యారేజీ ముఖ్యం.

సరే, 140 మీటర్లే కదా అనే బ్యాచ్‌కి ఇప్పుడు అసలు వడ్డన. కాస్త చరిత్రలోకి వెళ్దాం, బోర్ కొట్టదు, ప్రామిస్.

ఈ లైను పుట్టిందే ఒక స్టేషన్ జరగడం వల్ల. మొదట్లో మెయిన్ లైను ప్రిన్స్‌టన్ దగ్గర్లోనే, డెలావేర్ రారిటన్ కాలువ గట్టు వెంబడి పోయేది. 1860ల్లో ఆ లైను వంకరలు తీసేసి తిన్నగా వెయ్యాలని ఇప్పుడున్న చోటికి మార్చారు. ఊరు ఒంటరిదైపోయింది. అప్పుడు 1865లో జంక్షన్ నుంచి ఊళ్లోకి ఈ బ్రాంచి వేశారు. అంటే డింకీ అనేది ఊరి నుంచి లాక్కున్నదానికి ఇచ్చిన నష్టపరిహారం అన్నమాట. ఆ పరిహారంలో కూడా అప్పటినుంచీ కోతలే.

బ్లెయిర్ ఆర్చ్ చూశారా ఎప్పుడైనా? ప్రిన్స్‌టన్ వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబం దగ్గరా ఆ మెట్ల మీద దిగిన ఫోటో ఒకటి ఉంటుంది, నా దగ్గరా ఉంది. వెడల్పాటి రాతి మెట్లు, పైన కోట బురుజుల్లాంటి గోపురాలు, మధ్యలో కమాను. ఈసారి వెళ్లినప్పుడు ఆ మెట్ల మీద నుంచుని కిందికి చూడండి. అంత భారీ మెట్లు ఎక్కడికి దిగుతున్నాయి? చెట్లూ, కాలిబాటా, హాస్టల్ గోడలూ. రాజుగారి సింహద్వారంలా కట్టి పెరట్లోకి తెరిచినట్టు ఉంటుంది. ఎందుకంటే 1897లో అది కట్టినప్పుడు రైలు సరిగ్గా ఆ మెట్ల కిందే ఆగేది! రైలు దిగుతావ్, తలెత్తుతావ్, ఆర్చ్ కనిపిస్తుంది, మెట్లెక్కి నేరుగా కాలేజీలోకి. యూనివర్సిటీ ముఖద్వారం రైలు ప్రయాణికుడి కోసం కట్టారండీ అప్పట్లో. ఈ సంగతి తెలిసినరోజు అరగంట ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

1918లో అక్కడి నుంచి స్టేషన్‌ని దక్షిణంగా జరిపారు. పాత పట్టాల జాగాలో 1920ల్లో హాస్టళ్లు లేచాయి. 1980ల్లో పట్టాల చివర మళ్లీ కొంత వెనక్కి పోయింది. 2014లో ఇంకోసారి. ప్రతిసారీ దక్షిణానికే. ప్రతిసారీ ఊరికి దూరంగానే. ప్రతిసారీ "కొంచెమే కదా". వందేళ్లుగా ఈ స్టేషన్ వెనకడుగులు వేస్తూనే ఉంది, మనం మాత్రం ప్రతి అడుగునీ విడిగా కొలిచి "ఇంతేనా" అంటున్నాం.

ఇప్పుడు కోర్టు సంగతి. ఇది వినండి, మజా ఉంటుంది. 1984లో ఎన్‌జే ట్రాన్సిట్, అంటే రాష్ట్ర రవాణా సంస్థ, ఈ స్టేషన్ భవనాలనీ భూమినీ యూనివర్సిటీకి అమ్మేసింది. ఎంతకి? మిలియన్ డాలర్లలోపు. ఎన్‌జే ట్రాన్సిట్ అప్పటికి పుట్టి ఐదేళ్లు, చేతిలో చిల్లిగవ్వ లేని రోజులు. ఆ అమ్మకం కాగితంలో ఒక వాక్యం పెట్టించుకున్నారు: రైలు చివరి స్టాపుని దక్షిణానికి జరుపుకునే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది. అంతే! ఒక వాక్యం. దాన్ని ముప్ఫై ఏళ్లు బీరువాలో పెట్టుకుని, అవసరమొచ్చిన రోజున తీశారు.

ఉద్యమం చేసినవాళ్లు ఏమన్నారంటే, "అయ్యా, ఆ హక్కు ఒక్కసారికే. 80ల్లో ఆల్రెడీ ఒకసారి జరిపారు. వాడేసిన కూపన్ మళ్లీ ఎలా చెల్లుతుంది?" అని. నాకైతే ఇది చాలా బలమైన పాయింటు అనిపించింది. కోర్టుకి అనిపించలేదు. యూనివర్సిటీకే అనుకూలంగా తీర్పొచ్చింది. న్యాయమూర్తులు కాగితం చదివి చెప్పారు, వాళ్లని అనడానికేం లేదు. నేననేది అమ్మినవాళ్లని. ప్రజల సొమ్ముతో నడిచే రైలు, ప్రజలు దిగే స్టేషన్. దాని చివర ఎక్కడుండాలో తేల్చే హక్కుని ఒక ప్రైవేటు విద్యాసంస్థకి రాసిచ్చారు, అదీ ఆ ఊళ్లో ఓ మోస్తరు ఇంటి ధరకి అటూఇటూగా. ఇప్పుడు ఆ యూనివర్సిటీ నిధి ఎంతో తెలుసా? 3,000 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను, క్షమించండి, ఇది చెప్పకపోతే ప్రిన్స్‌టన్ వాళ్లు నన్ను కొడతారు. వావా. స్టేషన్ పక్కనే ఉండే కిరాణా కొట్టు కమ్ శాండ్‌విచ్ కొట్టు. అర్ధరాత్రి పరీక్షలకి చదివే పిల్లలందరికీ అదే ఆధారం, ముద్దుగా 'ద వా' అంటారు. స్టేషన్ జరుపుతున్నాం అన్నప్పుడు సగం మంది విద్యార్థుల మొదటి ప్రశ్న, "మరి వావా?" అని! రైలు పోతే పోయింది, శాండ్‌విచ్ ఉండాలి. నవ్వకండి, యూనివర్సిటీవారికి ఆ నాడి బాగా తెలుసు. కొత్త స్టేషన్‌తో పాటే కొత్త వావా కట్టించారు, అదే ఆర్కిటెక్ట్ చేత. శాండ్‌విచ్ కొట్టు కోసం పేరున్న ఆర్కిటెక్ట్‌ని పెట్టించిన ఊరు ఇంకెక్కడైనా ఉందేమో చెప్పండి. పిల్లల నోళ్లు అక్కడితో మూతపడ్డాయి. మరి 1918 నాటి పాత రాతి స్టేషన్ ఏమైంది? రెస్టారెంటూ బారూ అయింది. బారుకి పేరేం పెట్టారో తెలుసా? డింకీ! రైలుని తరిమేసి, దాని పేరు బోర్డు మీద పెట్టుకుని బీరు అమ్మారు.

మళ్లీ కార్ల దగ్గరికి రండి. మన తెలుగువాళ్లకి ఇది ఎందుకు తగలాలంటారా? వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో, జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లు. ఈ పేర్లు వింటే మీలో ఎంతమంది తలూపుతారో నాకు తెలుసు. స్కూళ్లు బావున్నాయని ఇల్లు కొంటాం, పొద్దున్నే ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి న్యూయార్క్ పోతాం. జంక్షన్‌లో పార్కింగ్ పర్మిట్ కోసం పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు మనలో ఎంతమంది? పిల్లాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు పేరిస్తే మిడిల్ స్కూల్లోకి వచ్చేసరికి నంబర్ వస్తుందని జోకులేసుకుంటాం. జోకు కాదది, కడుపుమంట. జంక్షన్ చుట్టూ ఎకరాలకెకరాలు తారు పరిచారు, అయినా చాలడం లేదు.

దానికి మందు ఏంటి? జంక్షన్ దాకా కారు అక్కర్లేకుండా చేసే రైలు. అంటే డింకీ! ప్రిన్స్‌టన్ ఊళ్లో ఉన్నవాళ్లు ఇంట్లోంచి నడిచి వచ్చి రైలెక్కితే జంక్షన్‌లో ఒక కారు తగ్గుతుంది. ఒక పర్మిట్ ఖాళీ. మీ వంతు ఒక మెట్టు ముందుకి. ఆ నడిచి వచ్చేవాడి దారి పొడుగు పెంచారు వీళ్లు. దేనికి? ఇంకో పార్కింగ్‌కి రోడ్డు వెయ్యడానికి! ఇంతకంటే తలకిందుల పని చూపిస్తే నేను ఛానల్ మూసేస్తా.

"నడిచేవాడు 140 మీటర్లకి మానేస్తాడా?" అంటారు. రోజూ నడిచే మనిషిని అడగండి. రైలు ప్రయాణం ఐదు నిమిషాలు. నడక రెండు నిమిషాలు పెరిగింది. పోనూ రానూ నాలుగు. అరవై నిమిషాల రైలుకి రెండు నిమిషాలు కలిస్తే ఎవడికీ తెలీదు, ఐదు నిమిషాల రైలుకి కలిస్తే మాత్రం సగం ప్రయాణం పెరిగినట్టే. పైగా ఆ రెండు నిమిషాల తేడాతో జంక్షన్‌లో న్యూయార్క్ రైలు తప్పిపోతే పోయేది రెండు నిమిషాలు కాదు, అరగంట. ఇలా రెండుసార్లు జరిగితే మనిషి కారు తాళాలు తీసుకుంటాడు. ఉచిత బస్సు పెట్టాం కదా అని మున్సిపాలిటీ అంది. రైలు దగ్గరికి వెళ్లడానికి బస్సు, ఆ బస్సు కోసం ఎదురుచూపు, ఆ ఐదు నిమిషాల రైలెక్కి ఇంకో రైలు. నేనైతే కారే తీస్తా, నిజం చెప్తున్నా.

యూనివర్సిటీని సమర్థించేవాళ్లు ఇంకో మాటంటారు. "రైలుని బతికించింది వాళ్లే, కొత్త స్టేషన్ వాళ్ల డబ్బుతో కట్టారు" అని. కట్టారు, కాదనను. మరి బతికించారంటారా? 2018 అక్టోబరులో భద్రతా పరికరాలు బిగించాలని ఎన్‌జే ట్రాన్సిట్ ఈ లైనుని పూర్తిగా ఆపేసి బస్సులు తిప్పింది. 2019 మే దాకా డింకీ లేదు. ఏడు నెలలు! ఎందుకంత తేలిగ్గా ఆపగలిగారు? ఊరి నడిబొడ్డున ఉన్న స్టేషన్ ఏడు నెలలు మూస్తే దుకాణాలవాళ్లు రోడ్డెక్కేవాళ్లు. ఊరి చివర, చెట్ల మధ్య, యూనివర్సిటీ గోడ వెనకాల ఉన్న స్టేషన్ మూస్తే చూసేదెవరు? వెనక్కి జరిపిన ప్రతిసారీ ఆ రైలు కోసం అరిచే గొంతులు కొన్ని తగ్గిపోతాయి. నా సిద్ధాంతం ఇదే, తప్పయితే కొట్టిపారేయండి.

ఇప్పుడు కొత్త ముచ్చట. ప్రిన్స్‌టన్ ట్రాన్సిట్‌వే. ఎన్‌జే ట్రాన్సిట్ ముందుకు తీసుకెళ్తున్న ప్రతిపాదన. ఇప్పుడున్న పాత రైలు పెట్టెలు 70ల నాటివి, ముసలివైపోయాయి, మార్చాల్సిందే, అందులో తగువు లేదు. వాటి బదులు ట్రాముల్లాంటి చిన్న లైట్ రైల్ బండ్లు తెస్తారట. అదే దారిని బస్సులు కూడా పోయేలా రోడ్డులా చదును చేస్తారట. అర్థమైందా? 1865 నుంచి రైలుకి మాత్రమే ఉన్న దారి మీదికి టైర్లు ఎక్కబోతున్నాయి. ముందు బస్సులే అంటారు. ఈ ప్రతిపాదన కంటే ముందే, 2000ల్లో, రైలే తీసేసి బస్సుల దారి చేద్దామన్న ఆలోచన ఒకటి వచ్చి, జనం తిడితే వెనక్కి పోయింది. అది ఇప్పుడు సగం వేషం మార్చుకుని వచ్చిందని నాకు అనిపిస్తోంది. బస్సులొస్తే నాసౌ స్ట్రీట్ దాకా, అంటే ఊరి మెయిన్ బజారు దాకా నేరుగా పోవచ్చు అంటున్నారు. బావుంది! అక్కడికి పోవాలని ఇంత కోరికుంటే పట్టాలు అటువైపు పొడిగించొచ్చు కదా? ఆ కల కన్నవాళ్లు ఊళ్లో అప్పుడే ఉన్నారు. 460 అడుగులు వెనక్కి కోశాక, ఆ జాగాలో రౌండెబౌటూ బిల్డింగులూ లేచాక, ఇప్పుడు "అయ్యో, పట్టాలు ఊళ్లోకి పోవడం కష్టం, బస్సే దిక్కు" అంటున్నారు. కష్టం చేసింది ఎవరండీ?

అందుకే 2013లో ఆ ముసలమ్మలూ ముసలయ్యలూ, రిటైరైన ప్రొఫెసర్లూ అట్టముక్కల మీద రాసుకుని నుంచుంటే నవ్వినవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. "ఉన్నవాళ్ల ఊళ్లో పనిలేని గొడవ" అన్నారు. ఉన్నవాళ్ల ఊరే, ఒప్పుకుంటా. కానీ ఆ రైల్లో ఎక్కేది ఉన్నవాళ్లు మాత్రమేనా? యూనివర్సిటీ వంటగదుల్లో పనిచేసేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, ట్రెంటన్ నుంచి వచ్చి జంక్షన్‌లో మారి ఎక్కేవాళ్లు. రాత్రి షిఫ్టు దిగి చివరి డింకీ కోసం పరుగెత్తేవాడికి లాట్ 7లో కారుండదు. ప్లానింగ్ బోర్డు మీటింగుకి వచ్చి మైకు పట్టుకునే తీరికా ఉండదు.

సరే. యూనివర్సిటీ తరఫున మాట్లాడేవాళ్లకి నా సవాలు ఒకటే, కామెంట్లలో తిట్టేముందు దీనికి జవాబు రాయండి. ఈ నూటయాభై ఏళ్లలో ప్రిన్స్‌టన్ స్టేషన్ ఒక్కసారి, ఒక్క అడుగు, ఊరి వైపుకి జరిగిన సంవత్సరం చెప్పండి. జంక్షన్‌లో పర్మిట్ కోసం లైన్లో ఉన్నవాళ్లు మీ నంబరు ఎంతో, ఎప్పుడు పేరిచ్చారో పెట్టండి. అన్నిటికంటే పాతదెవరిదో వాళ్లని వచ్చే వీడియోలోకి పిలుస్తాను, ట్రాన్సిట్‌వే గురించి వాళ్లతోనే మాట్లాడదాం.